బోధనచే మభ్యపెట్టిన కేసు

సన్యాసిరావు మాస్టారు అర్థశాస్త్రం లెక్చరరు కావడంలో ఆయన తప్పేమీ లేదు. డిగ్రీలో కామర్సు సీటు కోసం వరుసలో నిలబడితే, సరిగ్గా ఆయన వంతు వచ్చేసరికి గుమస్తా కిటికీ మూసి భోజనానికి లేచాడు. పక్క కిటికీ తెరిచే ఉంది. అక్కడ వరుస కూడా లేదు. ఎండ మాడ్చేస్తోంది. అది ఎకనామిక్స్ కిటికీ అని ఫీజు కట్టాక తెలిసింది. ఆ తర్వాత ఎం.ఏ., ఆ తర్వాత సర్వీసు కమిషను పరీక్ష, ఆ తర్వాత గెడ్డపేట ప్రభుత్వ జూనియర్ కళాశాలలో ఇరవై నాలుగేళ్ల ఉద్యోగం. అంతా ఆ ఎండ చలవే.

"నా పేరు సన్యాసి, నేను చెప్పేది అర్థశాస్త్రం" అని ప్రతి ఏడూ మొదటి క్లాసులో ఆయన ఒక హాస్యం విసురుతారు. ఇరవై నాలుగేళ్లలో ఒకే ఒక్క కుర్రాడు నవ్వాడు. వాడు కిటికీలోంచి మేకను చూసి నవ్వాడని తర్వాత తేలింది.

ఆయన క్లాసుకు వచ్చేవాళ్లు కూడా కావాలని వచ్చేవాళ్లు కారు. ఎంపీసీలో చోటు దొరక్క, బైపీసీలో కప్పను కొయ్యాలని ఎవరో చెప్తే జడిసి, చివరికి "ఇంకేటుంది సార్?" అని అడిగినవాళ్లకు మిగిలేది హెచ్ఈసీ. అంటే చరిత్ర, అర్థశాస్త్రం, పౌరశాస్త్రం. "ఈ గ్రూపు ఎందుకు తీసుకున్నావు?" అని ఆయన మొదట్లో ఒకటి రెండేళ్లు అడిగి చూశారు. "రికార్డులు రాయక్కర్లేదని" అన్నాడొకడు. "ఈ గదిలో ఫ్యాను తిరుగుతాదని" అన్నాడు ఇంకొకడు. ఆ తర్వాత ఆయన అడగడం మానేశారు. ఆయన సొంత కొడుకును కూడా ఎంపీసీలోనే చేర్పించారు. ఎవరైనా ఆ మాట ఎత్తితే, "సరుకు సంగతి దుకాణదారుకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?" అని తనే ముందు నవ్వేసేవారు.

ఆ ఏడు జూన్ నాటికి ఆయన పరిస్థితి మరీ పలచబడింది. ఏ గ్రూపులోనైనా పదిహేనుమంది కంటే తక్కువ చేరితే ఆ సెక్షను ఎత్తేసి, లెక్చరరును జిల్లా అవతలి కొసకు పంపుతారని ఉత్తర్వు వచ్చింది. ఆయన జాబితాలో పద్నాలుగు పేర్లున్నాయి. అందులో ఒకడు పేరు రాయించి బెంగళూరులో పనికి వెళ్లిపోయాడని వినికిడి. ఆ సంగతి ఆయన ఎవరితోనూ అనలేదు.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున వరండాలో అడ్మిషన్ల బల్ల దగ్గర ఆయన కూర్చుని ఉండగా, ఎవరో వచ్చి ఎదురుగా నిలబడ్డారు. ఆయన తలెత్తలేదు.

"ఎంపీసీ అటు" అన్నారు, చేత్తో చూపిస్తూ.

"తెలుసు సార్."

"బైపీసీ దాని పక్కన."

"తెలుసు సార్."

"మంచినీళ్లు ఆ మూల."

"అదీ తెలుసు సార్. నాకు హెచ్ఈసీ కావాలి."

మాస్టారు తలెత్తారు. నీలం చుడీదారు వేసుకున్న సన్నపాటి అమ్మాయి. పక్కన వాళ్లమ్మ. అమ్మాయి చేతిలోని మార్కుల కాగితం తీసుకుని చూశారు. పిన్నింటి యామిని. ఆరువందలకు ఐదువందల డెబ్బై ఒకటి. ఎవరైనా తనతో పరాచికాలాడుతున్నారేమోనని వెనక్కి తిరిగి చూసుకున్నారు. వెనక గోడ తప్ప ఎవరూ లేరు.

"అమ్మా, ఇది హెచ్ఈసీ బల్ల" అన్నారు మెల్లగా, నిద్రలో నడిచేవాళ్లను లేపినట్టు.

వాళ్లమ్మ సూరమ్మ కల్పించుకుంది. "దానికి కళ్లూ సెవులూ బాగానే ఉన్నాయి బాబూ. ఇదే కావాలంతంది. నాను సెప్పీ సెప్పీ అలిసిపోనాను."

"ఎందుకమ్మా?" అని అడిగారు మాస్టారు. అడిగి చాలా ఏళ్లయిన ప్రశ్న అది.

యామిని తడుముకోకుండా చెప్పింది. "మా ఊరి జూట్ మిల్లు మూసేశారు కద సార్. మా అమ్మ అందులో పద్దెనిమిదేళ్లు పన్జేసింది. గోనెసంచులు ఎవరికీ అక్కర్లేదని మూసేరంటే సరే. కానీ సంచులు లేవనే కదా పంటప్పుడు మా ఊర్లో ధాన్యం వారాలపాటు రోడ్డు మీద ఉండిపోయింది. సంచులు కావాలి. నేసేవాళ్లు ఖాళీగా ఉన్నారు. మధ్యన మిల్లుకు తాళం. ఇది ఎందుకలాగైందో నాకు తెలియాలి."

మాస్టారి కళ్ల ముందు గిరాకీ గీత, సరఫరా గీత రెండూ మెదిలాయి. అవి ఎక్కడ కలుసుకుంటాయో నల్లబల్ల మీద ఆయన కళ్లు మూసుకుని చూపించగలరు. మిల్లు గేటు దగ్గర ఎందుకు కలుసుకోలేదో మాత్రం ఆయనకు తట్టలేదు.

"బాగా చదువుకునే పిల్లవి. ఎంపీసీ తీసుకో తల్లీ" అన్నారు. మనస్ఫూర్తిగానే అన్నారు. ఆ పిల్ల చేరితే తన జాబితా పదిహేనుకు చేరుతుందన్న సంగతి ఆ మాట అన్నాక గాని గుర్తుకు రాలేదు. గుర్తుకొచ్చాక, తన మంచితనానికి తనే కాస్త చిరాకు పడ్డారు.

అయినా అమ్మాయి కదలలేదు. దరఖాస్తు తీసుకుని ప్రిన్సిపాలు గదికి వెళ్లక తప్పలేదు.

ప్రిన్సిపాలు ధనుంజయరావు గారు రసాయనశాస్త్రం చదువుకున్న మనిషి. ఏ కాగితం చూసినా ముందు అంచులు పట్టుకుని చూస్తారు, చేతికి ఏమైనా అంటుతుందేమో అన్నట్టు. మార్కులు చూసి, గ్రూపు చూసి, దరఖాస్తును బల్ల మీద దూరంగా పెట్టారు.

"సన్యాసిరావు గారూ, మీకు సర్క్యులరు అందలేదా?"

అందలేదు. హెచ్ఈసీ వాళ్లకు అవసరం పడదని ఎవరూ చూపించలేదు. ప్రిన్సిపాలు గారు లేచి నిలబడి చదివారు. అలాంటివి ఆయన కూర్చుని చదవరు.

"'ప్రతిభా పరిరక్షణ పక్షోత్సవముల సందర్భముగా తెలియజేయునది ఏమనగా, ఐదువందల మార్కులు దాటిన విద్యార్థినీ విద్యార్థులు తమ ప్రతిభకు తగని గ్రూపులను కోరుకొనుట వలన జాతికి పూడ్చరాని నష్టము వాటిల్లుచున్నట్లు ఉన్నతాధికారుల దృష్టికి వచ్చినది. కావున అట్టి విద్యార్థి తారసపడినచో, చేర్చుకొనుటకు మునుపు మూడు అంచెలుగా విచారించి, సదరు కోరిక స్వచ్ఛమైనదని నిర్ధారించుకొనవలెను.' విన్నారుగా? మన కళాశాల చరిత్రలో ఇలాంటి అవాంఛనీయ పరిణామం ఇదే మొదటిసారి. ఎల్లుండే విచారణ సంఘం కూర్చుంటుంది. సబ్జెక్టు నిపుణుడిగా మీరు సభ్యులు."

"నేనేం చెయ్యాలండీ?"

"'సదరు విషయము వలన కలుగు నిష్ప్రయోజనమును సబ్జెక్టు నిపుణుడు సోదాహరణముగా వివరించి, విద్యార్థిని మనసు మళ్లించుటకు శాయశక్తులా యత్నించవలెను' అని ఉంది."

అలా మూడో రోజు మధ్యాహ్నం సంఘం కూర్చుంది. ప్రిన్సిపాలు, ఫిజిక్సు లెక్చరరు, మాస్టారు ఒక వైపు. యామిని, సూరమ్మ ఇంకో వైపు. ఫిజిక్సు ఆయన తన శాస్త్రం గొప్పతనం గురించి నాలుగు నిమిషాలు మాట్లాడి ఊరుకున్నాడు. తర్వాత మాస్టారి వంతు వచ్చింది.

ఆయన నలభై నిమిషాలు మాట్లాడారు. నోట్సు లేదు, తడబాటు లేదు. తన జీవితంలో అంత ధారాళంగా ఎప్పుడూ పాఠం చెప్పలేదు. కావలసిన ఉదాహరణలన్నీ ఆయన దగ్గరే ఉన్నాయి. "నన్నే చూడమ్మా" అని మొదలుపెట్టారు. పెళ్లిచూపుల్లో ఏం చెప్తారని అడిగితే "సైన్సు లాంటిదే" అని గొణిగిన వైనం చెప్పారు. ఊళ్లో ఎవరూ ట్యూషను అడగని సంగతి చెప్పారు. నెలాఖరుకు ఇంటి బడ్జెట్టు తన భార్య వేస్తుందనీ, తను వేసిన ఏడాది గ్యాసు బండకు కూడా వెతుక్కోవాల్సి వచ్చిందనీ ఒప్పుకున్నారు. ఫిజిక్సు లెక్చరరు కళ్లు తుడుచుకున్నాడు. ప్రిన్సిపాలు గారు మెచ్చుకోలుగా తలాడించారు.

యామిని అంతా శ్రద్ధగా నోటుపుస్తకంలో రాసుకుంది. తర్వాత పెన్ను మూత పెట్టి అడిగింది. "ఎకనామిక్స్ చదివినోళ్లకు ఉద్యోగాలు లేవన్నారు కద సార్. ఉద్యోగాలు ఎందుకు లేవో చెప్పేది ఏ సబ్జెక్టు సార్?"

ఫిజిక్సు ఆయన ప్రిన్సిపాలు వైపు చూశాడు, ప్రిన్సిపాలు గారు మాస్టారి వైపు చూశారు.

"ఎకనామిక్సే" అన్నారు మాస్టారు, నేరం ఒప్పుకున్నట్టు.

"మొదటి అంచె విఫలం" అని ప్రిన్సిపాలు గారు రాసుకున్నారు.

రెండో అంచె వైద్య పరీక్ష. దరఖాస్తు ఫారములోని గ్రూపుల పేర్లు సరిగా కనబడక పొరపాటున పెట్టిందేమో తేల్చాలట. అమ్మాయిని పెద్దాసుపత్రికి తీసుకెళ్లే బాధ్యత కూడా సబ్జెక్టు నిపుణుడిదే. ఓపీలో గంటన్నర కూర్చున్నాక డాక్టరమ్మ పిలిచింది.

"ఏంటి ప్రాబ్లం?"

"ఎకనామిక్స్ చదువుతానంటోందండీ" అన్నారు మాస్టారు.

"ఎన్నాళ్ల నుంచి?"

"ఫిబ్రవరి నుంచండి" అంది యామిని.

డాక్టరమ్మ అలవాటు కొద్దీ నాలుక చాపమంది. తర్వాత సర్క్యులరు రెండుసార్లు చదివి, అమ్మాయి చేత గోడ మీది అక్షరాలన్నీ చదివించి, ధ్రువపత్రం రాసిచ్చింది. చూపు, వినికిడి, జ్ఞాపకశక్తి బాగున్నాయనీ, అర్థశాస్త్రం కోరడం రోగలక్షణమని తను చదువుకున్న పుస్తకాల్లో ఎక్కడా లేదనీ అందులో ఉంది.

ప్రిన్సిపాలు గారికి అది నచ్చలేదు. "లక్షణమని లేదన్నారు, బాగానే ఉంది. లక్షణం కాదని ఉందా? అది రాయలేదు చూడండి" అన్నారు. మాస్టారు మళ్లీ ఓపీలో కూర్చుని 'కాదు' అన్న ముక్క రాయించుకొచ్చారు.

మూడో అంచెలో ఎవరి ఒత్తిడీ లేదని తల్లి నోటరీ ముందు ప్రమాణపత్రం ఇవ్వాలి. తహసీల్దారు కార్యాలయం ఎదుట చెట్టు కింద, నోటరీ గారు టైపు కొట్టించిన కాగితం మీద వేలిముద్ర వేసి, సూరమ్మ వేలికంటిన సిరా కొంగుకు తుడుచుకుంది.

"బాబూ, ఓ మాటడుగుతాను. ఇది ఇంట్లోంచి ఎల్లిపోయి పెళ్లి సేసుకుంతానన్నా ఇన్ని కాయితాలు అడగరు కదేటి?"

"అడగరమ్మా."

"మరి మీరు సెప్పేది అంత పెమాదమా?"

"ఇన్నాళ్లూ నాకూ తెలీదమ్మా" అన్నారు మాస్టారు.

సూరమ్మ కాసేపు ఆయన ముఖంలోకి చూసింది. "మీ కలాసులో ఒకలు తక్కువై మీ ఉజ్జోగం పోతాదనీసి, మా గుంటని మీరే ఎగేసేరని ఊర్లో అంతన్నారు. నాను నమ్మనేదు. మీరు ఒద్దొద్దని ఎంత సెప్పేరో నా సెవులారా ఇన్నాను. సొంత ఉజ్జోగానికే ఇంత అడ్డొచ్చే మడిసిని నాను ఎక్కడా సూళ్లేదు."

అది పొగడ్తో తిట్టో ఆయనకు తెలియలేదు. ఇంటికెళ్లి భార్యతో చెబితే, "రెండూనూ" అంది ఆవిడ.

మూడు అంచెలూ దాటేసరికి ఆన్‌లైన్‌లో పేర్లు ఎక్కించే గడువు చివరి రోజుకు వచ్చింది. సాయంత్రం ఐదుకు మూసేస్తారు. నాలుగున్నరకు అందరూ ఆఫీసు గదిలో కంప్యూటరు చుట్టూ చేరారు. కంప్యూటరు ముందు జూనియర్ అసిస్టెంటు తవిటినాయుడు కూర్చున్నాడు. ఆ యంత్రం ముందు అతనికి ప్రిన్సిపాలు కన్నా పెద్ద హోదా.

"సార్, ఐదువందలు దాటిన క్యాండేటు కదా, ఎక్స్‌ట్రా పేజీ తెరుచుకుంది. 'తగని గ్రూపును కోరుటకు కారణము' అని అడుగుతోంది. ఏడు కారణాలున్నాయి, ఒకటి నొక్కాలి."

"చదువు" అన్నారు ప్రిన్సిపాలు.

"ఒకటి, అనారోగ్యము. రెండు, పేదరికము. మూడు, కళాశాల దూరముగా ఉండుట. నాలుగు, వివాహము నిశ్చయమగుట. ఐదు, బుద్ధిమాంద్యము. ఆరు, తల్లిదండ్రుల బలవంతము."

"'ఇష్టం' అని లేదా?" అని అడిగింది యామిని.

తవిటినాయుడు పైకి జరిపాడు, కిందికి జరిపాడు. "నేదమ్మా. ఇష్టమనేది కాలమ్‌లో నేదు."

"పేదరికము నొక్కెయ్యండి. అది ఎవరికైనా సరిపోతుంది" అన్నారు ప్రిన్సిపాలు గారు.

"ఒద్దు సార్" అంది యామిని. "లేకపోవడం వల్ల తీసుకున్నానని రాస్తే నేను ఒప్పుకోను. మా అమ్మ నన్ను ఏ గ్రూపైనా చదివిస్తానంది."

"అదిగో, ఆరు నొక్కండి అయితే. తల్లి బలవంతం!"

"నా బలమంతం నేదని ఏలిముద్దర ఏసేను బాబూ. ఇప్పుడు ఎగేసేనని సెప్తారేటి?" అంది సూరమ్మ.

గోడ గడియారం నాలుగూ యాభై రెండు. మాస్టారు వంగి తెర కేసి చూశారు. "ఏడోది ఏమిటి?"

"ఏడు... 'సబ్జెక్టు అధ్యాపకుడు తన బోధనచే మభ్యపెట్టుట.' దీనికి ఆ అధ్యాపకుడే ఒప్పుకుంటూ సంతకం చెయ్యాలి. చేస్తే సీటు వెంటనే ఇచ్చేస్తాది. అతని మీద కేసు పెడతాది."

"అది కుదరదు" అన్నారు ప్రిన్సిపాలు గారు. "ఈ అమ్మాయి ఆయన క్లాసులో ఒక్క పూటయినా కూర్చోలేదు. బోధన ఎక్కడిది?"

యామిని నెమ్మదిగా అంది. "కూర్చున్నాను సార్. ఫిబ్రవరిలో సార్ మా హైస్కూలుకొచ్చారు."

మాస్టారికి అప్పుడు లీలగా గుర్తొచ్చింది. కళాశాలలో చేరమని ప్రచారం చెయ్యడానికి ఫిజిక్సు ఆయన వెళ్లాల్సిన చోటికి తనను పంపారు. ఎంపీసీ గురించి పది నిమిషాలు చెప్పి వచ్చేశారు.

"మిల్లు ఎందుకు మూసేశారని నేను లేచి అడిగాను. సార్ చాలాసేపు ఆలోచించి, 'నాకు తెలీదమ్మా. తెలుసుకోవడానికో శాస్త్రం ఉంది, నేను సరిగా చదవలేదు' అన్నారు. నేనడిగినవాళ్లలో తెలీదన్నది సారొక్కరే. మిగతా అందరూ ఏదో ఒకటి చెప్పేశారు."

మాస్టారు కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. ఆయన బోధనకు ఒక మనిషి ఆకర్షితురాలైందన్న వార్త ఇరవై నాలుగేళ్లకు మొదటిసారి చెవిన పడింది. అదీ తెలీదని చెప్పినందుకు.

"తవిటినాయుడూ, ఏడు నొక్కు" అన్నారు.

"సార్, ఇంక్రిమెంటు ఆగిపోతాది."

"నొక్కవయ్యా."

నాలుగూ యాభై తొమ్మిదికి సంతకం స్కానైంది. తెర మీద పచ్చటి టిక్కు పడింది. "ఇంక దీన్ని ఎవలూ తియ్యలేరు. నొక్కిన నేనే తియ్యలేను" అన్నాడు తవిటినాయుడు. హెచ్ఈసీ మొదటి సంవత్సరం సంఖ్య పదిహేనుకు చేరింది. బెంగళూరు కుర్రాణ్ని ఎవరూ లెక్కపెట్టలేదు.

ఇరవై రోజులకు మెమో వచ్చింది. 'తమరు తమ బోధనచే ఒక ప్రతిభావంతురాలిలో తమ సబ్జెక్టు పట్ల ఆసక్తి కలిగించినట్లు ప్రాథమికముగా తెలియవచ్చినది. ఇట్టి చర్యకు తమపై ఎందుకు క్రమశిక్షణ చర్య తీసుకొనరాదో సంజాయిషీ ఇవ్వవలెను.' దాని వెనకే, విచారణాధికారిగా ఒక ఉపసంచాలకులు వస్తున్నారనీ, మాస్టారి తరగతిలో స్వయంగా కూర్చుని సదరు మభ్యపెట్టే శక్తిని పరీక్షిస్తారనీ ఇంకో కాగితం.

స్టాఫు రూములో అందరూ ఆయన చుట్టూ మూగారు. "ఏముందండీ, ఆ రోజు కాస్త చప్పగా చెప్పేయండి. బయటపడతారు" అని సలహా ఇచ్చాడు ఫిజిక్సు ఆయన. ఇంట్లో భార్య అయితే, "దానికి మీరు ప్రత్యేకం కష్టపడక్కర్లేదు లెండి" అంది.

కానీ మాస్టారికి కొత్తగా ఒక పంతం పుట్టింది. ఏ నేరమూ చెయ్యకుండా ఇరవై నాలుగేళ్లు గడిపినవాడికి, తీరా ఒకటి మీద పడితే దాన్ని నిలబెట్టుకోవాలనిపించింది. రుజువైతే రుజువు కానీ అనుకున్నారు. మూడు రోజులు కూర్చుని పాఠం తయారుచేశారు. పాత నోట్సు పక్కన పడేశారు. ఒక వస్తువును అనుభవించేకొద్దీ దాని మీద మోజు తగ్గుతుందనే సూత్రం ఎంచుకుని, అందరికీ అర్థమయ్యేలా చూపించాలని అర డజను అరటిపళ్లు కూడా కొన్నారు. చక్కెరకేళీలు.

ఉపసంచాలకులు మధ్యాహ్నం భోజనం ముగించుకుని వచ్చి మొదటి బెంచీలో కూర్చున్నారు. బక్కపలచని మనిషి, చేతిలో ప్యాడు. మాస్టారు సూత్రం చెప్పి, నిర్వచనం రాసి, గీత గీసి, అరటిపండు ఆయన చేతికిచ్చారు.

"అయ్యా, మొదటి పండు ఎలా ఉందండీ?"

"బాగుంది."

"ఇది రెండోది. ఇప్పుడు?"

"బాగుంది."

మూడోదీ బాగుంది. నాలుగోది మరీ బాగుందన్నారు. ఐదోదానికి ఆయనే చెయ్యి చాపారు. నల్లబల్ల మీది గీత ప్రకారం ఆ పాటికి ఆయన మొహం మొత్తి ఉండాలి. ఆరోది కూడా తిని, తొక్కలు వరసగా బెంచీ మీద పేర్చి, "ఊఁ, సూత్రం చెప్పండి" అన్నారు. మాస్టారికి చెమటలు పట్టాయి. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన సూత్రానికున్న మినహాయింపుల గురించి చెప్పడం మొదలుపెట్టారు. గొంతులో ప్రాణం పెట్టి చెప్పారు. చేతులూపారు. ఒకచోట చిన్న పద్యంలాంటిది కూడా అల్లి చదివారు. తీరా చూస్తే ఉపసంచాలకుల తల ప్యాడు మీదికి వాలి ఉంది.

గంట కొట్టాక అధికారి మేలుకుని, యామినిని పిలిచి వాంగ్మూలం తీసుకున్నారు. ఫిబ్రవరి సంగతి ఆ పిల్ల ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన రాసుకుని, కారెక్కి వెళ్లిపోయారు.

నెల తిరక్కుండా తీర్పు వచ్చింది. ప్రిన్సిపాలు గారు స్టాఫు రూములో నిలబడి, అందరికీ వినిపించేలా చదివారు.

"'విచారణాధికారి స్వయముగా తరగతిలో ఆసీనులై, పాఠమును శ్రద్ధగా ఆలకించియు ఎట్టి ఆసక్తికిని లోనుకాకపోవుటను బట్టియు, కన్నులు వాటంతట అవియే మూతపడుటను బట్టియు, సదరు లెక్చరరు బోధనలో విద్యార్థులను మభ్యపెట్టగల శక్తి ఏ కోశానా లేదని నిర్ధారణ అయినది. 'నాకు తెలియదు' అని పలుకుట బోధన కిందకు రాదు. కావున అభియోగము నిరాధారమని కొట్టివేయడమైనది.' కంగ్రాచ్యులేషన్స్ సన్యాసిరావు గారూ! మచ్చ లేకుండా బయటపడ్డారు!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఫిజిక్సు ఆయన జిలేబీ తెప్పించాడు. మాస్టారు ఒక ముక్క నోట్లో వేసుకుని, నమలడం మర్చిపోయి కూర్చున్నారు. చప్పగా చెప్పి బయటపడి ఉంటే తనకు ఏమీ అనిపించేది కాదు. తన శక్తంతా ధారపోసి చెప్పినందుకు వచ్చిన విడుదల ఇది.

సాయంత్రం సైకిలు స్టాండు దగ్గర యామిని కనబడింది. ఆయన వెళ్లిపోబోయి ఆగారు.

"అమ్మా, నిజం చెప్పు. ఆ రోజు పాఠం అంత బాగోలేదా?"

యామిని సైకిలు తాళం తీస్తూ ఆలోచించింది. ఆమెకు అబద్ధమాడే అలవాటు లేదని అప్పటికే నాలుగు కాగితాల్లో ధ్రువపడింది.

"బాగోలేదు సార్."

"ఎక్కడ చెడింది?"

"ముందే సూత్రం చెప్పేశారు కద సార్. చెప్పీసి పళ్లు ఇచ్చారు. ఆయన మీరన్నట్టు తినకపోయేసరికి మీరు కంగారు పడిపోయారు. సూత్రం చెప్పకుండా పళ్లిచ్చి, ఆయన ఎందుకు ఆపట్లేదో మమ్మల్ని అడిగితే, మేం తలో మాటా అందుం. ఆయనకి ఆకలేసిందా, ఊరికే వచ్చాయని తిన్నారా, మీరు నొచ్చుకుంటారని తిన్నారా అని. నేను ఆ రాత్రి అదే ఆలోచించాను. ఇప్పటికీ తేల్లేదు." కాస్త ఆగి, "మీకు తెలుసా సార్?" అంది.

"తెలీదమ్మా" అన్నారు మాస్టారు.

"రేపు క్లాసులో అడగండి సార్ మరి" అని, ఆ పిల్ల సైకిలెక్కి వెళ్లిపోయింది.

మాస్టారు తిరిగి ఆఫీసు గదిలోకి నడిచారు. తవిటినాయుడు బీరువాకు తాళం వేస్తున్నాడు. ఒక తెల్లకాగితం అడిగి తీసుకుని, నిలబడే రాయడం మొదలుపెట్టారు. ప్రిన్సిపాలు గారు టోపీ పెట్టుకుని వెళ్లబోతూ తొంగి చూసి అదిరిపడ్డారు.

"అప్పీలా! మీరు నిర్దోషి అని తేల్చారు కదండీ! నిర్దోషి అప్పీలు చేసుకోవడం ఏ రూలులో ఉంది?"

"ఉత్తర్వు అడుగున ఉందండీ. ఈ ఉత్తర్వుతో నొచ్చుకున్న వారెవరైనా ముప్పై రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చట. ఇందులో నా అంత నొచ్చుకున్నవాడు ఇంకెవరున్నారు?"

ఆయన రాసి, సంతకం చేసి, తవిటినాయుడి చేతికిచ్చారు. అతను ఇన్‌వార్డు రిజిస్టరు తెరిచి, నంబరు వేసే ముందు కాగితం పైకెత్తి ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాడు.

"'ఆర్యా, నాపై మోపిన అభియోగము ఈ సంవత్సరము రుజువు కానందుకు చింతించుచున్నాను. వచ్చే ఏటికి తప్పక రుజువు కాగలదని హామీ ఇచ్చుచున్నాను. అంతవరకు దయతో కేసు మూయవద్దని ప్రార్థన.'"